హోమీ భాభా: ఒక శాస్త్రజ్ఞుని జీవితం, ఒక విమాన ప్రయాణం

1966వ సంవత్సరం జనవరి 24వ తేదీ. ఆ రోజు ఢిల్లీలో ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. అంతకు పదమూడు రోజుల ముందే, జనవరి 11న, లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంటులో మరణించారు. దేశం ఇంకా ఆ దుఃఖం నుంచి తేరుకోలేదు. కొత్త ప్రధాని బాధ్యతలు చేపట్టిన రోజునే యూరప్ నుంచి మరొక వార్త వచ్చింది. ఎయిర్ ఇండియా విమానం ఒకటి ఆల్ప్స్ పర్వతాల్లో కూలిపోయింది. అందులో ఉన్న 117 మందిలో ఒక్కరు కూడా బతకలేదు. మృతుల్లో హోమీ జహంగీర్ భాభా ఉన్నారు. మన దేశంలో పరమాణు శక్తి కార్యక్రమాన్ని మొదలుపెట్టి, పద్దెనిమిది సంవత్సరాల పాటు దాన్ని నడిపిన శాస్త్రజ్ఞుడు ఆయన. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు.

ఈ పాఠంలో మీరు భాభా జీవితకథను చదువుతారు. చదువుతున్నప్పుడు రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. దాదాపు ఏమీ లేని చోట ఒక మనిషి ఇన్ని సంస్థలను ఎలా నిలబెట్టగలిగాడన్నది ఒకటి. ప్రతి పటంలోనూ గుర్తించి ఉన్న పెద్ద పర్వతాన్ని, అనుభవం ఉన్న సిబ్బంది నడుపుతున్న విమానం ఎలా ఢీకొన్నదన్నది రెండవది. మధ్యలో భౌతికశాస్త్రానికి సంబంధించిన మాటలు కొన్ని వస్తాయి. వాటిని చూసి కంగారు పడకండి. అవసరమైనంత మేరకు అక్కడికక్కడే వివరిస్తాం.

బాల్యం, చదువు

భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో (నేటి ముంబయి) ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహంగీర్ భాభా న్యాయవాది. తాతగారు మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు ఉన్నతాధికారిగా పనిచేశారు. మేనత్త మెహర్‌బాయి భర్త దొరాబ్జీ టాటా. అంటే దేశంలోనే పెద్ద పారిశ్రామిక కుటుంబంతో వారికి దగ్గరి బంధుత్వం ఉంది. ఇంట్లో మంచి గ్రంథాలయం ఉండేది. పాశ్చాత్య సంగీతం రికార్డులు ఉండేవి. భాభా చిన్ననాటి నుంచే బొమ్మలు గీసేవారు.

ఇంత అనుకూలం ఉంటే ఎవరైనా పైకి వస్తారు కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు. భాభాకు దొరికిన అవకాశాలు ఆనాటి భారతదేశంలో లక్షల మంది పిల్లలకు దొరకలేదు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. అయితే ఆ అవకాశాలతో ఆయన చేసిన పని ఏమిటన్నది వేరే ప్రశ్న. ముందుకు చదివితే మీకే తెలుస్తుంది.

బొంబాయిలో కాలేజీ చదువు తరువాత 1927లో ఆయన ఇంగ్లాండులోని కేంబ్రిడ్జికి వెళ్ళారు. కొడుకు ఇంజనీరింగు చదివి తిరిగి వచ్చి, జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలన్నది తండ్రి కోరిక. కేంబ్రిడ్జిలో ఉండగా భాభా మనసు భౌతికశాస్త్రం మీదికి మళ్ళింది. పరమాణువు లోపల ఏముందో తెలుసుకునే పని ఆ రోజుల్లో యూరప్ అంతటా జోరుగా సాగుతోంది. తనకు ఉద్యోగం మీద, వ్యాపారం మీద ఆశ లేదని, భౌతికశాస్త్రమే తన దారి అని భాభా తండ్రికి ఉత్తరం రాశారు. తండ్రి ఒక షరతు పెట్టారు. ముందు ఇంజనీరింగు ప్రథమ శ్రేణిలో పూర్తి చేయాలి. అలా చేస్తే ఆ పైన గణితం చదవడానికి కూడా డబ్బు పంపుతానన్నారు. భాభా 1930లో ఇంజనీరింగు ప్రథమ శ్రేణిలో ముగించారు. తండ్రి మాట నిలబెట్టుకున్నారు. గణితంలో కూడా భాభా 1932లో ప్రథమ శ్రేణి సాధించారు.

ఇష్టం లేకుండా చదివిన ఆ ఇంజనీరింగు చదువు వృథా కాలేదు. తరువాతి కాలంలో భవనాల నమూనాలు, యంత్రాల పటాలు చూసి తప్పు ఎక్కడుందో చెప్పగల శాస్త్రజ్ఞుడు ఆయన. అందుకు పునాది అక్కడే పడింది.

విశ్వకిరణాలు

ఆకాశం నుంచి, అంతరిక్షపు లోతుల నుంచి అతి వేగంగా వచ్చే కణాలు భూమి వాతావరణాన్ని నిరంతరం తాకుతూ ఉంటాయి. వీటినే కాస్మిక్ కిరణాలు లేదా విశ్వకిరణాలు అంటారు. ఈ క్షణంలో కూడా వాటి వల్ల పుట్టిన కణాలు మీ శరీరం గుండా వెళ్తున్నాయి. మనకు ఏమీ తెలియదు.

పై నుంచి ఒక కణం వస్తే, కింద పరికరాల్లో ఒక్కసారిగా చాలా కణాలు కనిపించేవి. ఇవన్నీ ఎక్కడివి? 1937లో భాభా, హైట్లర్ అనే మరో శాస్త్రజ్ఞునితో కలిసి దీనికి గణితపరమైన వివరణ ఇచ్చారు. వేగంగా వచ్చే ఎలక్ట్రాను ఒక కాంతికణాన్ని పుట్టిస్తుంది. ఆ కాంతికణం మళ్ళీ ఒక ఎలక్ట్రానును, దానికి జంటగా ఒక పాజిట్రానును పుట్టిస్తుంది. అవి మళ్ళీ కాంతికణాలను పుట్టిస్తాయి. ఒక దీపంతో రెండు, ఆ రెంటితో నాలుగు వెలిగించినట్లు కణాల సంఖ్య పెరిగి జల్లులా కురుస్తుంది. ఎలక్ట్రాను, పాజిట్రాను ఒకదానినొకటి తాకి చెదిరే తీరును కూడా భాభా లెక్కకట్టారు. ప్రపంచవ్యాప్తంగా భౌతికశాస్త్ర పుస్తకాల్లో దాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

1939లో సెలవు గడపడానికి ఆయన ఇండియాకు వచ్చారు. సెప్టెంబరులో యూరప్‌లో యుద్ధం మొదలైంది. తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆయన రీడరుగా చేరారు. భౌతికశాస్త్ర విభాగానికి అప్పుడు సర్ సి.వి.రామన్ అధిపతి. అహమ్మదాబాదుకు చెందిన విక్రమ్ సారాభాయ్ అనే యువకుడు కూడా ఆ రోజుల్లో అక్కడే పరిశోధన చేస్తున్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

విశ్వకిరణాలను కొలవాలంటే ఎత్తుకు వెళ్ళాలి. యుద్ధం కారణంగా అమెరికా వైమానిక దళం విమానాలు అప్పుడు బెంగుళూరులో ఉండేవి. భాభా వారిని ఒప్పించి, తన పరికరాలను విమానంలో దాదాపు 30,000 అడుగుల ఎత్తుకు పంపి కొలతలు తీయించారు. చేతిలో ఏది ఉంటే దానితోనే పని సాగించడం ఆయనకు అలవాటు. 1941లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. అప్పటికి ఆయనకు 31 ఏళ్ళు.

ఒక ఉత్తరం

ఈ జీవితకథలో అతి ముఖ్యమైన కాగితం 1944 మార్చి 12న రాసిన ఒక ఉత్తరం. భాభా దాన్ని దొరాబ్జీ టాటా ట్రస్టుకు రాశారు. ప్రపంచస్థాయిలో మౌలిక పరిశోధన చేసే సంస్థ ఒకటి దేశంలో కావాలని అందులో కోరారు. పరమాణు శక్తితో విద్యుత్తు తయారు చేసే రోజు ఇంకో ఇరవై ఏళ్ళలో రావచ్చుననీ, ఆ రోజు నిపుణుల కోసం మన దేశం పరాయి దేశాల వైపు చూడవలసిన అవసరం ఉండకూడదనీ ఆయన వాదన.

ఇక్కడ తేదీ గమనించండి. హిరోషిమా మీద అణుబాంబు పడింది 1945 ఆగస్టులో. పరమాణు శక్తి అనే మాట మామూలు ప్రజలు వినడానికి ఏడాదిన్నర ముందే ఆయన ఈ ఉత్తరం రాశారు. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం కూడా రాలేదు.

ట్రస్టు అంగీకరించింది. 1945 జూన్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ బెంగుళూరులో ప్రారంభమైంది. అదే సంవత్సరం చివరికి బొంబాయికి మారింది. అక్కడ దాని మొదటి మకాం భాభా బంధువుల బంగళా. తరువాత గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గరున్న పాత యాట్ క్లబ్బు భవనం. సముద్రపు ఒడ్డున కొలాబాలో సొంత భవనాన్ని 1962లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. భవనం వచ్చేదాకా ఆగుదాం అని భాభా ఎప్పుడూ అనుకోలేదు.

మనుషులను ఎంచుకునే పద్ధతిలో కూడా ఆయనది ప్రత్యేకమైన తీరు. మామూలుగా ముందు ఖాళీలు ప్రకటించి, తరువాత వాటిలో మనుషులను నింపుతారు. భాభా ముందు సమర్థుడైన మనిషిని వెతికేవారు. ఆ మనిషి చుట్టూ ఒక విభాగాన్ని పెంచేవారు. అలా ఆయన ఎంచుకున్నవారిలో ఇద్దరు మనవాళ్ళు. మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్ అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఉండగా భాభా ఆయనను పిలిపించారు. 1949లో వచ్చిన చంద్రశేఖరన్ బొంబాయిలో గణిత విభాగాన్ని ప్రపంచమంతా గుర్తించే స్థాయికి తెచ్చారు. రెండవవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఎ.ఎస్.రావు అంటే చాలామందికి తెలుస్తుంది. విశ్వకిరణాల ప్రయోగాలకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను విదేశాల నుంచి కొనకుండా ఇక్కడే తయారు చేయడం ఆయన బృందం పని. ఆ పని ఎంత దూరం వెళ్ళిందో చివరలో చెప్పుకుందాం.

ఇక్కడ కొద్దిసేపు ఆగండి. మీ ఊరిలో ఒక కొత్త బడినో, సహకార సంఘాన్నో ప్రారంభించాలి అనుకోండి. ముందు భవనం కట్టాలా, ముందు పనిచేసే మనిషిని వెతకాలా? మీ అభిప్రాయాన్ని నాలుగు వాక్యాలలో రాసి పెట్టుకోండి. రెండు వైపులా వాదనలు ఉన్నాయి.

పరమాణు శక్తి

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948 ఆగస్టు 10న, పరమాణు శక్తి సంఘం ఏర్పడింది. భాభా దాని అధ్యక్షులు. 1954లో పరమాణు శక్తి శాఖ ఏర్పడినప్పుడు దాని కార్యదర్శి కూడా ఆయనే. ఆ శాఖ నేరుగా ప్రధానమంత్రి కింద ఉండేది. నెహ్రూకు, భాభాకు మధ్య స్నేహం గాఢమైనది. ఉత్తరాల్లో భాభా ఆయనను అన్నగా సంబోధించేవారు. అందువల్ల మిగతా శాఖల్లో ఏళ్ళ తరబడి నలిగే ఫైలు ఇక్కడ రోజుల్లో కదిలేది.

బొంబాయి శివార్లలో ట్రాంబే అనే చోట కొండకు, సముద్రానికి మధ్య పరిశోధన కేంద్రం వెలిసింది. 1956 ఆగస్టు 4న అక్కడ మొదటి రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. రియాక్టరు అంటే పరమాణువులు చీలే చర్యను అదుపులో ఉంచి జరిపించే యంత్రం. ఇంధనం ఇంగ్లాండు నుంచి వచ్చింది. రియాక్టరు నిర్మాణం, దాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ మనవాళ్ళవే. ఆ వ్యవస్థ ఎ.ఎస్.రావు బృందం పనితనం. నీటి కొలను అడుగున ఉండే ఆ రియాక్టరు పనిచేసేటప్పుడు నీలి కాంతి వెలువడుతుంది. ఆ కాంతిని చూసి నెహ్రూ దానికి అప్సర అని పేరు పెట్టారు. 1960లో కెనడా సహకారంతో రెండవ రియాక్టరు వచ్చింది.

ఇంధనం గురించి భాభా చాలా దూరం ఆలోచించారు. మన దేశంలో యురేనియం తక్కువ. థోరియం మాత్రం కేరళ తీరపు ఇసుకలో పుష్కలంగా ఉంది. మోనజైట్ అనే ఆ ఇసుక ఖనిజం మన ఆంధ్ర తీరంలో కూడా దొరుకుతుంది. అయితే థోరియాన్ని నేరుగా ఇంధనంగా వాడలేం. అందుకే ఆయన మూడు దశల పథకం వేశారు. మొదటి దశలో సహజ యురేనియం వాడాలి. అందులోంచి వచ్చే ప్లుటోనియంతో రెండవ దశ రియాక్టర్లు నడపాలి. ఆ తరువాత మూడవ దశలో థోరియం. ఆ మూడవ దశకు దేశం ఇంకా చేరలేదు.

1955 ఆగస్టులో పరమాణు శక్తిని శాంతికి వినియోగించడం గురించి ఐక్యరాజ్య సమితి జెనీవాలో పెద్ద సదస్సు జరిపింది. దానికి అధ్యక్షత వహించినది భాభా. అప్పటిదాకా దేశాలు రహస్యంగా దాచుకున్న విషయాలు చాలా వరకు అక్కడ బయటికి వచ్చాయి. అదే జెనీవాకు దగ్గరలో పదేళ్ళ తరువాత ఆయన ప్రయాణం ఆగిపోయింది.

ఒక పాఠ్యపుస్తకంలో గొప్పవారి జీవితం రాసేటప్పుడు పొగడ్తలు మాత్రమే రాయడం సులువు. మీరు పెద్దవారు, లోకం చూసినవారు. కాబట్టి రెండవ వైపు కూడా చెప్పుకోవాలి. భాభా అంచనాల్లో కొన్ని నిజం కాలేదు. జెనీవా సదస్సులో ఆయన, పరమాణువులను కలపడం ద్వారా శక్తిని పొందే మార్గం రెండు దశాబ్దాలలో దొరుకుతుందని చెప్పారు. అది జరగలేదు. అణు విద్యుత్తు త్వరలోనే పెద్ద ఎత్తున వస్తుందని ఆయన ఆశించారు. 1980 నాటికి దేశంలో నడుస్తున్నవి తారాపూర్, రాజస్థాన్ కేంద్రాలు మాత్రమే. 1948 నాటి చట్టంలో ఉన్న గోప్యతను అప్పుడే చట్టసభలో సభ్యులు ప్రశ్నించారు. కలకత్తాకు చెందిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా, పరిశోధన అంతా ఇలా ప్రత్యేక సంస్థలకు తరలిపోతే విశ్వవిద్యాలయాలు ఎండిపోతాయని ఆందోళన చెందారు. ఆయన భయం పూర్తిగా అబద్ధమని ఈనాడు ఎవరూ అనలేరు.

బాంబు సంగతి మరింత చిక్కైనది. 1964 అక్టోబరు 16న చైనా అణుబాంబును పరీక్షించింది. ఆ నెలలోనే భాభా ఆకాశవాణిలో మాట్లాడుతూ, అణ్వాయుధాల తయారీకి అయ్యే ఖర్చు జనం అనుకునేంత ఎక్కువ కాదన్నారు. అదే ప్రసంగంలో ప్రపంచ దేశాలన్నీ ఆయుధాలు తగ్గించుకోవాలని కూడా కోరారు. భారతదేశం మొదటి అణు పరీక్ష జరిపింది 1974 మే 18న, పోఖ్రాన్‌లో. భాభా అప్పటికి లేరు.

ఇక మనిషి సంగతి. భాభా పెళ్ళి చేసుకోలేదు. తల్లితో కలిసి మలబార్ హిల్‌లోని ఇంట్లో ఉండేవారు. చిత్రలేఖనం ఆపలేదు. పరిశోధన సంస్థ గోడల మీద పెట్టడానికి నాటి యువ చిత్రకారుల బొమ్మలు కొనిపించారు. కొలాబా భవనంలో ఎం.ఎఫ్.హుస్సేన్ వేసిన పెద్ద కుడ్యచిత్రం ఉంది. చెట్లంటే ఆయనకు ప్రాణం. కట్టడానికి అడ్డు వచ్చిన చెట్టును నరకనిచ్చేవారు కాదు. వేళ్ళతో సహా పెకలించి మరో చోట నాటించేవారు. ఇది ఖర్చుతో, ఓపికతో కూడిన పని. ఇంజనీర్లు విసుక్కుని ఉంటారు కూడా!

చివరి ప్రయాణం

మీ దగ్గర ప్రపంచ పటం ఉంటే ఇప్పుడు తీయండి. బొంబాయి నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి లెబనాన్ రాజధాని బీరూట్‌కు, అక్కడి నుంచి స్విట్జర్లాండులోని జెనీవాకు వేలితో గీత గీయండి. జెనీవాకు ఆగ్నేయంగా దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో మౌంట్ బ్లాంక్ ఉంది. దాని ఎత్తు 4,807 మీటర్లు. ఆల్ప్స్ పర్వతాలలో అదే ఎత్తైనది. బీరూట్ నుంచి వచ్చే విమానం ఆ పర్వతాన్ని దాటిన తరువాతే జెనీవాలో దిగాలి.

అంతర్జాతీయ పరమాణు శక్తి సంస్థకు సలహాలిచ్చే శాస్త్రజ్ఞుల సమావేశం వియన్నాలో ఉంది. అందుకు భాభా బయలుదేరారు. విమానం బోయింగ్ 707. దాని పేరు కాంచన్‌జంగ. ఎయిర్ ఇండియా తన బోయింగులకు హిమాలయ శిఖరాల పేర్లు పెట్టేది. ప్రయాణికులు 106 మంది, సిబ్బంది 11 మంది. విమానం జెనీవా మీదుగా లండన్ వెళ్ళాలి.

ఆ తరువాత జరిగినది ఫ్రాన్సు ప్రభుత్వ విచారణ నివేదిక వల్ల మనకు తెలుస్తుంది. రేడియో సంకేతాల సాయంతో తాను ఎక్కడున్నదీ తెలుసుకోవడానికి విమానంలో వి.ఓ.ఆర్. అనే పరికరాలు రెండు ఉంటాయి. బీరూట్ నుంచి బయలుదేరేటప్పటికే వాటిలో ఒకటి పనిచేయడం లేదు. రెండు వేర్వేరు కేంద్రాల సంకేతాలను ఒకేసారి సరిచూసుకుంటే స్థానం కచ్చితంగా తెలుస్తుంది. ఒకటే ఉంటే కొంత అంచనా మీద ఆధారపడాలి. పైలటు వేసుకున్న అంచనా తప్పింది. మౌంట్ బ్లాంక్ శిఖరానికి దారితీసే కొండచరియను దాటేశామని ఆయన అనుకున్నారు. నిజానికి దాటలేదు.

కింద జెనీవాలో రాడార్ ముందు కూర్చున్న కంట్రోలరుకు విమానం అసలు స్థానం కనిపిస్తోంది. విమానం అప్పుడు 19,000 అడుగుల ఎత్తులో ఉంది. అంటే శిఖరం కన్నా మూడు వేల అడుగులకు పైగా ఎత్తులో, క్షేమంగా ఉంది. మేఘాలకు వెయ్యి అడుగుల పైన ఉండి, కళ్ళతో చూసుకుంటూ దిగగలిగితేనే దిగాలని, లేకపోతే అదే ఎత్తులో ఉండాలని కంట్రోలరు చెప్పారు. అలాగే దిగుతామని పైలటు జవాబిచ్చారు. అప్పుడు కంట్రోలరు, మౌంట్ బ్లాంక్ ఐదు మైళ్ళ దూరంలో ఉందని తెలియజేశారు. పర్వతం ఇంకా మీ ముందుంది, జాగ్రత్త అని హెచ్చరించడం ఆయన ఉద్దేశం. పైలటు దాన్ని, మనం అనుకున్నది సరే, పర్వతం వెనుకబడింది అన్నట్లుగా అర్థం చేసుకున్నారు. సరేనని చెప్పి దిగడం కొనసాగించారు.

దారి అడిగిన బాటసారికి గుడి ఫర్లాంగు దూరం ఉందని చెప్పామనుకోండి. ముందుకా, వెనక్కా అని అతడు తిరిగి అడుగుతాడు. జెట్ విమానంలో అడగడానికి వ్యవధి లేదు. ఐదు మైళ్ళంటే సుమారు ఒక నిమిషం. పైగా అడగాలన్న అనుమానమే పైలటుకు రాలేదు. చలికాలపు ఉదయం, ఎనిమిది గంటల వేళ. పర్వతం మేఘాలలో మునిగి ఉంది. మేఘమూ మంచూ ఒకే తెలుపు. ఆకాశం నిర్మలంగా ఉంటే తప్పు లెక్కను కళ్ళు సరిదిద్దేవి. శిఖరానికి కొద్ది దిగువన విమానం కొండను తాకింది.

హెలికాప్టర్లలో కొండ మార్గదర్శకులు పైకి వెళ్ళారు. శకలాలు, ఉత్తరాల సంచులు చెల్లాచెదురుగా కనిపించాయి. బతికి ఉన్నవారు ఎవరూ లేరు. వాతావరణం మళ్ళీ చెడి వెతుకులాట సాగలేదు. చాలామంది శరీరాలు ఆ మంచులోనే ఉండిపోయాయి.

దాదాపు అదే చోట, 1950 నవంబరు 3న, ఎయిర్ ఇండియాకే చెందిన మలబార్ ప్రిన్సెస్ అనే విమానం తుఫాను వాతావరణంలో కూలి 48 మంది చనిపోయారు.

శాస్త్రి మరణానికి, భాభా మరణానికి మధ్య రెండు వారాలు కూడా లేకపోవడంతో ఇందులో ఏదో కుట్ర ఉందన్న మాటలు పుట్టాయి. నేటికీ అవి ఆగలేదు. మీరు కూడా విని ఉంటారు. వాటికి ఆధారం చూపినవారు లేరు. పనిచేయని ఒక పరికరం, తప్పిన ఒక అంచనా, రెండు విధాలుగా అర్థమయ్యే ఒక వాక్యం, కమ్మిన మేఘం అని విచారణ చెప్పిన కారణం చాలా మామూలుగా ఉంటుంది. ఇంత పెద్ద మనిషి ఇంత చిన్న కారణానికి పోయాడంటే నమ్మబుద్ధి కాదు. అయినా ప్రమాదాలు ఎక్కువగా ఇలాగే జరుగుతాయి.

కొండ మీద పడిన మంచు గడ్డకట్టి, హిమనదిగా మారి, ఏడాదికి కొంత చొప్పున కిందికి జారుతుంది. బోసాన్ అనే ఆ హిమనది దశాబ్దాల తరువాత విమానాల శకలాలను లోయలోకి తెచ్చింది. 2012లో భారత ప్రభుత్వపు దౌత్య కాగితాల సంచి ఒకటి బయటపడితే దాన్ని మన రాయబార కార్యాలయానికి అప్పగించారు. 2020లో కొన్ని భారతీయ వార్తాపత్రికలు దొరికాయి. ఇందిరాగాంధీ ప్రధానిగా ఎన్నికైన వార్త వాటిలో ఇంకా చదవడానికి వీలుగా ఉంది.

తరువాత

ఒకే మనిషి చేతిలో పరిశోధన సంస్థ, పరమాణు శక్తి సంఘం, ప్రభుత్వ శాఖ అన్నీ ఉన్నప్పుడు ఆ మనిషి హఠాత్తుగా పోతే ఏమవుతుంది? 1966 జనవరిలో చాలామందిని కలవరపెట్టిన ప్రశ్న ఇది. భాభా స్థానంలో ఒక్కరు సరిపోలేదు. టాటా సంస్థకు ఎం.జి.కె.మీనన్ డైరెక్టరయ్యారు. ఆయనకు అప్పుడు 37 ఏళ్ళు. పరమాణు శక్తి సంఘం బాధ్యత విక్రమ్ సారాభాయ్ తీసుకున్నారు. ట్రాంబే కేంద్రాన్ని హోమీ సేత్నా నడిపారు. 1967 జనవరిలో ఆ కేంద్రానికి భాభా పేరు పెట్టారు.

హైదరాబాదులో సిటీ బస్సుల మీద ఇ.సి.ఐ.ఎల్. అన్న బోర్డు మీరు చూసే ఉంటారు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అన్నది దాని పూర్తి పేరు. ఎలక్ట్రానిక్ పరికరాల కోసం దేశం ఇతరుల మీద ఆధారపడకూడదని చెప్పడానికి ప్రభుత్వం 1963లో ఒక సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షులు భాభా. ట్రాంబేలో పరికరాలు తయారు చేసిన ఎ.ఎస్.రావు 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఆ కార్పొరేషన్‌ను ప్రారంభించారు. భాభా దాన్ని చూడలేదు. రియాక్టర్లకు కావలసిన ఇంధనాన్ని తయారు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు కూడా 1971లో అదే ప్రాంతంలో ఏర్పడింది. దగ్గరలోని కాలనీకి ఎ.ఎస్.రావు నగర్ అని పేరు. ఎన్నికల్లో మీరు మీట నొక్కి ఓటు వేసిన యంత్రం బహుశా ఇ.సి.ఐ.ఎల్.లో తయారైనదే. అలాంటి యంత్రాలు తయారు చేసే సంస్థలు దేశంలో రెండే. అందులో ఇది ఒకటి.

అప్సర రియాక్టరును 2009లో ఆపేశారు. 2018 సెప్టెంబరులో ట్రాంబేలోనే దాని స్థానంలో ఎక్కువ సామర్థ్యం గల రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. కొత్త రియాక్టరుకు పాత పేరే ఉంచారు.